వరి కోశాక దున్నకుండా ఏం వేయాలి? మినుము, మొక్కజొన్న, జొన్నల్లో ఎంపిక

వరి కోసిన మాగాణిలో దున్నకుండా రెండో పంట వేస్తే ఏం మిగులుతుంది అని అడిగితే, ఎక్కువ మంది చెప్పేది ట్రాక్టర్ కిరాయి. రెండు సాళ్లు, ఒక రొటావేటర్ తిప్పుడు తప్పితే ఎకరాకు కొన్ని వేలు మిగిలే మాట నిజమే. కానీ అసలు లాభం అక్కడ లేదు, రోజుల్లో ఉంది. డెల్టా నల్లరేగడిలో వరి కోసిన రోజున నేల ఇంకా మెత్తగానే ఉంటుంది. అందులో ట్రాక్టర్ దింపాలంటే రెండు మూడు వారాలు ఆరాలి. ఆరేసరికి పైన పెళ్లలు లేస్తాయి, కింద పదును, అంటే నేలలోని తడి, పోతుంది, నెర్రెలు విచ్చుకుంటాయి. మళ్లీ తడి పెట్టి, దున్ని, విత్తేసరికి సంక్రాంతి దాటిపోతుంది. అప్పుడు వేసిన పంట గింజ పోసుకునే వేళకు ఎండ ముదురుతుంది, కాలువ కట్టేస్తారు. దున్నకుండా వేసినవాడు ఆ మూడు వారాలనూ, నేలలో ఉన్న ఉచిత పదునునూ పంటకు వాడుకుంటున్నాడు.

అందుకే ఈ ఎంపికను క్వింటాళ్ల దగ్గర మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. వరి ఎప్పుడు కోస్తారు, తర్వాత నీళ్లు ఎన్నిసార్లు అందుతాయి, చేతిలో డబ్బు ఎంత, పొలం సొంతమా కౌలా, ఈ నాలుగూ తేలాకే పంట పేరు ఎత్తాలి. ఇక్కడ నేను ప్రధానంగా కృష్ణా, గుంటూరు, బాపట్ల, పశ్చిమ గోదావరి వైపు వరి మాగాణులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. తెలంగాణ బోరు కింద పొలాల సంగతి విడిగా చెబుతాను, ఎందుకంటే అక్కడ నేల వేరు, లెక్క వేరు.

మనం చేసేది సగం పరిరక్షణ సేద్యం

శాస్త్రవేత్తలు పరిరక్షణ సేద్యం అనే మాట వాడినప్పుడు మూడు పనులు కలిపి చెబుతారు. నేలను వీలైనంత తక్కువగా కదిలించడం, పంట చెత్తతోనో బతికున్న మొక్కలతోనో నేలను ఎప్పుడూ కప్పి ఉంచడం, ఒకే పంట మీద పంట వేయకుండా మార్చడం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలో విత్తాక కనీసం 30 శాతం నేల కప్పి ఉండాలి.

మన డెల్టాలో జరిగేది ఇందులో సగమే. రబీలో దున్నం. కానీ జూలై వచ్చేసరికి అదే పొలానికి నీళ్లు పెట్టి దమ్ము చేస్తాం, రబీలో నేలకు చేసిన మేలులో చాలా భాగం ఆ బురదలో కలిసిపోతుంది. గడ్డి పశువులకు పోతుంది, లేదా ఈ మధ్య చాలా ఊళ్లలో చూస్తున్నట్టు మంటకు పోతుంది. కాబట్టి "దున్నకుండా వేస్తే మూడేళ్లలో నేల బంగారం అవుతుంది" అని ఎవరైనా చెబితే కొంచెం ఆగి వినండి. ఏడాదికోసారి దమ్ము చేసే పొలంలో ఆ మాట నెరవేరడం కష్టం. ఇక్కడ వచ్చేది ముందు డబ్బు లాభం, కాలం లాభం.

ఇది మనకే పరిమితమైన సంగతి కాదు. హర్యానాలో 1990ల చివర్లో వరి తర్వాత దున్నకుండా గోధుమ వేయడం ఎందుకు పాకిందో చూడండి. అక్కడ గోధుమలో గుల్లీ దండా అనే కలుపు ఐసోప్రొట్యురాన్ మందుకు లొంగడం మానేసింది. దున్నని నేలలో ఆ కలుపు తక్కువ మొలిచింది, విత్తడం ముందుకు జరిగింది, డీజిల్ మిగిలింది. రైతు వచ్చింది ఈ మూడింటి కోసమే. నేల ఆరోగ్యం కోసం వచ్చినవాళ్లు తక్కువ. వరి వేళకు వాళ్లూ మళ్లీ దమ్ము చేశారు. కొత్త పద్ధతి ఏదైనా రైతు దగ్గర నిలవాలంటే మొదటి సీజన్‌లోనే చేతికి ఏదో కనిపించాలి, పదేళ్ల తర్వాత వచ్చే సేంద్రియ కర్బనం మీద ఎవరూ అప్పు తీర్చలేరు.

మాగాణి మినుము

ముగ్గురిలో పాత కాపు ఇదే. దీనికి కొత్త పేరు ఏదీ అక్కర్లేదు. జీరో టిల్లేజ్ అనే మాట మనకు రాకముందు నుంచే కృష్ణా రైతు వరి నిలబడి ఉండగానే మినుములు చల్లాడు. కోతకు రెండు మూడు రోజుల ముందు, పొలంలో నీళ్లు నిలవకుండా బురద పదును మాత్రం ఉన్నప్పుడు ఎకరాకు 16 నుంచి 18 కిలోలు చల్లితే, వరి కోసేసరికి గింజ నానుతుంది, పనలు ఎత్తేసరికి మొలక నిలబడుతుంది. తర్వాత నేలలోని తడి, రాత్రి మంచు, అంతే. తడి పెట్టేదీ లేదు, ఎరువు వేసేదీ దాదాపు లేదు. 75 నుంచి 80 రోజుల్లో చేతికొస్తుంది.

ఈ పద్ధతిని దెబ్బతీసింది కోత మిషన్. కూలీలు కొడవలితో కోసినన్నాళ్లూ ముందు చల్లిన గింజకు ఢోకా లేదు. మిషన్ వచ్చాక టైర్లు తొక్కిన చోట మొలక చస్తుంది, మిషన్ వెనక కుప్పగా పడిన గడ్డి కింద మొలక పాలిపోతుంది. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, చల్లిన వెంటనే, గింజ మొలకెత్తక ముందే కోయించడం. విత్తనం కూడా కొంచెం ఎక్కువ వేసుకోవాలి. రెండు, టైరు మిషన్ కాకుండా చైన్ మిషన్ పెట్టడం. గంటకు కిరాయి ఎక్కువైనా నేల మీద లోతు చాళ్లు పడవు. మూడు, కోశాక గడ్డి తీసేసి జీరో టిల్ డ్రిల్‌తో, అంటే దున్నని నేలలోనే గింజ వేసే ట్రాక్టర్ యంత్రంతో, విత్తడం. మూడో దారిలో మొలక సమంగా వస్తుంది, విత్తనమూ తక్కువ పడుతుంది. కానీ ట్రాక్టర్ దిగగలిగేంత నేల గట్టిపడాలి, గింజ మొలిచేంత పదును మిగలాలి. ఈ రెండూ కలిసే రోజులు నాలుగైదుకు మించవు. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న ఒక్క డ్రిల్ కోసం పది మంది వరసలో ఉంటారు. అద్దెకు దొరుకుతుందిలే అని మినుము మీద ప్లాన్ వేసుకునేవాళ్లు అక్టోబరులోనే ఆ డ్రిల్ యజమానితో మాట్లాడుకోవాలి.

మినుముకు అసలు శత్రువు పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే ఈ వైరస్ తొలి నెలలో పట్టిందంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవడమే, మందు కొట్టి నయం చేసేది కాదు. చాలా ఊళ్లలో రైతులు మినుము మానేసి మొక్కజొన్నకు మళ్లడానికి పెద్ద కారణం ఇదే. రెండో కారణం బంగారు తీగ. పసుపు పచ్చని దారాల్లా అల్లుకునే ఈ పరాన్నజీవి ఒకసారి పొలంలో గింజ రాల్చిందంటే ఏళ్ల తరబడి వదలదు. మీ పొలంలో గత ఏడాది బంగారు తీగ మడుల కొద్దీ కనిపించి ఉంటే, ఈ ఏడాది మినుము వద్దు. ఇందులో నాకు సందేహం లేదు. అది అల్లుకునే మొక్క దొరక్కుండా కొన్నాళ్లు మొక్కజొన్నో జొన్నో వేసి, తర్వాత మినుముకు తిరిగి రండి. ఆ రెండు పంటల మీద అది బతకదు.

పల్లాకు సంగతికి వస్తే రకం మార్చడం ఒక్కటే నమ్మదగిన పని. ఎల్.బి.జి. 752 గింజ బాగుంటుంది, వ్యాపారి ఇష్టపడతాడు, కానీ తెగులుకు తట్టుకోదు. ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104, పి.యు. 31 తట్టుకునే రకాలు. పక్కింటి ఆయన విత్తనం ఉచితంగా ఇచ్చాడని పేరు తెలియని రకం చల్లడం కంటే, వీటిలో ఒకటి కొనుక్కుని, విత్తన శుద్ధి చేసి చల్లడం చవక.

డిసెంబరు 20 దాటితే నా ఓటు మినుముకు కాదు. ఆలస్యమైన మాగాణి మినుము పూత దశలో పదును చాలక, ఎండ తగిలి, రెండు క్వింటాళ్ల దగ్గర ఆగిపోతుంది.

మొక్కజొన్న: డబ్బు పంట, డబ్బు తినే పంట

2000ల మధ్య నుంచి గుంటూరు, కృష్ణా వైపు దున్నకుండా మొక్కజొన్న పాకింది. కాలువ నీళ్లు రెండో వరికి చాలవు, మినుము తెగులుకు పోతోంది, కోళ్ల దాణాకు గింజ కావాలి. మూడూ ఒకేసారి కలిశాయి. ఈ మధ్య ఇథనాల్ ఫ్యాక్టరీల గిరాకీ కూడా తోడైంది.

పని సులువు. వరి కోశాక గడ్డి సర్ది, తాడు పట్టి, కర్రతో గుంత పెట్టి గింజ వేసి కప్పుతారు. సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20, ఎకరాకు 8 కిలోల విత్తనం. కూలీలు దొరక్కపోతే చేత్తో తోసే చక్రం ఉంది, ట్రాక్టర్ డ్రిల్ ఉంది. నవంబరు నుంచి జనవరి మధ్య దాకా వేయొచ్చు. మినుముకు లేని ఈ వెసులుబాటు వల్లే సాంబ మసూరి లాంటి 145-150 రోజుల వరి వేసి డిసెంబరు ఆఖరున కోసేవాళ్లు ఇటు మొగ్గుతారు.

నీళ్ల దగ్గర మాత్రం ఇది మొహమాటపడదు. నేలను బట్టి నాలుగు నుంచి ఆరు తడులు కావాలి. అందులోనూ పూత, పీచు, గింజ పాలు పోసుకునే దశల్లో ఒక్క తడి తప్పినా పొత్తు చివర గింజ కట్టదు. కాలువ ఎప్పుడు కట్టేస్తారో తెలియని శివారు పొలంలో మొక్కజొన్న వేసి, మార్చిలో మురుగు కాలువ నుంచి ఆయిల్ ఇంజిన్ పెట్టి తోడేవాళ్లను చూస్తే, ఆ డీజిల్ ఖర్చు విత్తే రోజు లెక్కలో లేదని అర్థమవుతుంది. మురుగు కాలువ నీళ్లు ఉప్పగా ఉండే సముద్రతీర గ్రామాల్లో ఆ దారి కూడా లేదు.

దున్నని పొలంలో మొక్కజొన్నకు ఇంకో చిక్కు, వరి దుబ్బులు మళ్లీ చిగురిస్తాయి. అందుకే విత్తిన ఒకటి రెండు రోజుల్లో అట్రజిన్‌తో పాటు పారాక్వాట్ కలిపి కొట్టడం అలవాటైంది. అట్రజిన్ కొత్త కలుపును ఆపుతుంది, పారాక్వాట్ ఉన్న పచ్చదనాన్ని మాడుస్తుంది. పారాక్వాట్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. అది ఒంట్లోకి పోతే విరుగుడు లేదు. ఇంట్లో డబ్బా నిల్వ పెట్టకండి, వేరే సీసాలోకి ఒంపకండి, గాలి ఉన్నప్పుడు కొట్టకండి. గట్టు అవతల మినుము ఉంటే దాని మీద పడిన తుంపర ఆకుల్ని మాడ్చేస్తుంది, ఆ గొడవ ఊరి పెద్దల దాకా పోతుంది. ఒకే ఊళ్లో సగం మంది మినుము, సగం మంది మొక్కజొన్న వేసే చోట ఇది ఏటా జరిగేదే.

2018లో మన దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు దగ్గర్నుంచి మొక్కజొన్న పెట్టుబడి ఇంకో మెట్టు పెరిగింది. సుడిలో పొట్టు రాలినట్టు కనిపిస్తే అది చేరినట్టే. మొక్క చిన్నగా ఉన్నప్పుడే, మొదటి నెలలోపే చూసుకోవాలి. సుడి లోపలికి దిగాక మందు అందదు. యూరియా ఎక్కువ తినే పంట కాబట్టి, సీజన్ మధ్యలో యూరియాకు క్యూలు కట్టాల్సిన ఏడాది వస్తే ఆ టెన్షన్ వేరు.

దమ్ము చేసిన నేలలో జానెడు లోతున గట్టి పొర ఉంటుంది. దున్నకపోతే మొక్కజొన్న వేరు దాని మీదే పరుచుకుంటుంది. కంకి బరువెక్కాక తడి పెట్టిన రోజున పెద్ద గాలి వస్తే పడిపోయేది ఇలాంటి పొలాలే. గాలి ఉన్న సాయంత్రం తడి పెట్టకుండా ఆగడం తప్ప దీనికి పెద్ద ఉపాయం లేదు.

జొన్నను ఎవరూ తలుచుకోరు ఎందుకు?

గుంటూరు, తెనాలి, బాపట్ల వైపు మాగాణి జొన్న దిగుబడి విని బయటివాళ్లు నమ్మరు. దేశ సగటు ఎకరాకు నాలుగైదు క్వింటాళ్లు ఉన్న పంట ఇక్కడ వరి కోసిన నేలలో, దున్నకుండా, ఇరవై క్వింటాళ్లు దాటుతుంది. హైదరాబాద్‌లోని జొన్న పరిశోధన కేంద్రం, ఇప్పటి చిరుధాన్యాల పరిశోధన సంస్థ, సి.ఎస్.హెచ్. 16, సి.ఎస్.హెచ్. 25 లాంటి హైబ్రిడ్‌లతో ఈ ప్రాంతంలోనే ఇది చూపించింది. డెల్టా నేలలోని పదును, చలికాలం చల్లదనం, రెండు మూడు తడులు, అంతే దాని కోరిక. ఎకరాకు నాలుగు కిలోల విత్తనం చాలు. మొక్కజొన్న కంటే ఎరువు తక్కువ, ఒక తడి ఆలస్యమైనా ఓర్చుకుంటుంది, చొప్ప పశువులకు వస్తుంది.

మరి అందరూ వేయరెందుకు అంటే, అమ్మకం. మొక్కజొన్నకు ఊళ్లోకి లారీ వస్తుంది, జొన్నకు వ్యాపారి కోసం మనం వెతకాలి. కాగితం మీద మద్దతు ధర మొక్కజొన్న కంటే చాలా ఎక్కువ. 2025-26కు హైబ్రిడ్ జొన్న క్వింటాలు 3,699 రూపాయలు, మొక్కజొన్న 2,400. కానీ ప్రభుత్వ కొనుగోలు కేంద్రం తెరవని ఏడాది దాణా, పరిశ్రమల వ్యాపారి ఇచ్చే ధర ఆ దరిదాపుల్లో ఉండదు. కోత వేళ వాన పడి గింజ నల్లబడితే ఇంకా దిగుతుంది. పిట్టల బెడద ఇంకోటి. చుట్టుపక్కల అందరూ వేస్తే నష్టం పంచుకుంటారు, మీరొక్కరే వేస్తే ఊళ్లో పిట్టలన్నీ మీ పొలంలోనే ఉంటాయి.

గేదెలున్న ఇంట్లో ఒక జాగ్రత్త. కోశాక మోళ్ల నుంచి వచ్చే లేత పిలకలు, నీటి ఎద్దడిలో ఉన్న లేత జొన్న, రెండూ నాము, అంటే పశువుకు విషం. పశువు మేసిందంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. పంట తీశాక చేను ఖాళీగా ఉంది కదా అని పశువుల్ని వదలకండి.

నా మట్టుకు, శివారు ఆయకట్టులో రెండు తడులకు మాత్రమే భరోసా ఉన్న నల్లరేగడికి జొన్నే మొదటి ఎంపిక. అయితే పది ఎకరాలవాళ్లు ఇద్దరు ముగ్గురు పక్కపక్కన మాట్లాడుకుని వేస్తేనే.

లెక్క వేసి చూద్దాం

కింది ఖర్చులు, దిగుబడులు ఉదాహరణకు పెట్టినవి. మీ ఊరి అంకెలు వేసుకుని మళ్లీ చేయండి. ధర మాత్రం 2025-26 మద్దతు ధరే తీసుకుంటున్నాను. మినుముకు అది క్వింటాలు 7,800.

మినుముకు ఎకరాకు 12 వేలు పెట్టుబడి అనుకుందాం, కలుపు, మందు, పీకుడు కూలీ అన్నీ కలిపి. మంచి ఏడాది ఆరు క్వింటాళ్లు వస్తే 46,800. చేతికి 34,800 మిగులు. మొక్కజొన్నకు 32 వేలు పెట్టి 35 క్వింటాళ్లు పండిస్తే 84,000, మిగులు 52,000. పైపైన చూస్తే మొక్కజొన్న గెలిచింది. పెట్టిన రూపాయికి వచ్చిన మిగులు చూడండి. మినుములో దాదాపు రెండు రూపాయల తొంభై పైసలు, మొక్కజొన్నలో రూపాయి అరవై.

ఇప్పుడు చెడ్డ ఏడాది. పల్లాకు పట్టి మినుము ఒకటిన్నర క్వింటాలే వచ్చిందనుకోండి, 11,700. పెట్టుబడి సుమారుగా తిరిగొచ్చింది, కష్టం పోయింది. మొక్కజొన్నలో ఆఖరి రెండు తడులు అందక 12 క్వింటాళ్లు వచ్చి, ధర కూడా 1,900కు పడిందనుకోండి. చేతికి 22,800. అంటే 9,200 నష్టం. ఆ 32 వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే ఐదు నెలలకు ఇంకో 3,200. పెట్టుబడిలో జొన్న ఈ రెంటికీ మధ్యలో నిలుస్తుంది. 22 వేల ఖర్చుతో 22 క్వింటాళ్లు వస్తే మద్దతు ధరకు 81 వేలు, బయట 2,500కే అమ్ముకోవాల్సి వస్తే 55 వేలు. రెండో అంకె మీద లెక్క వేసుకుని, అప్పటికీ మీకు గిట్టుబాటైతే వేయండి.

ఈ లెక్క చేశాక ఒక మాట గమనించండి. దున్నకపోవడం వల్ల మిగిలే మూడు నాలుగు వేలు మొక్కజొన్న మంచి ఏడాదికీ చెడ్డ ఏడాదికీ మధ్య తేడాలో ఏ మూలకూ రాదు. కాబట్టి "దుక్కి ఖర్చు లేదు కదా" అన్న ధైర్యంతో పెద్ద పెట్టుబడి పంటకు దిగడం సరికాదు. అదే మినుములోనైతే, ఆ మూడు నాలుగు వేలు మొత్తం ఖర్చులో నాలుగో వంతు. అక్కడ అది పెద్ద ఆదానే.

కౌలు అయితే

డెల్టాలో కౌలు ఖరీఫ్ వడ్లతోనే తీరి, రబీ మినుము కౌలు రైతుకే మిగలడం పాత పద్ధతి. ఎన్నో కుటుంబాలు నిలబడింది ఆ మినుము మీదే. మొక్కజొన్న వచ్చాక చాలా చోట్ల యజమాని రెండో పంటకు విడిగా డబ్బు అడుగుతున్నాడు. పంట లాభం పెరిగిన చోట కౌలు కూడా పెరుగుతుంది, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఎవరికి పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. పై మొక్కజొన్న లెక్కలో రెండో పంట కౌలు పది వేలు కలపండి, మంచి ఏడాది మిగులు 42 వేలకు దిగుతుంది, చెడ్డ ఏడాది నష్టం, వడ్డీ కలిపి 22 వేలు దాటుతుంది. రబీ కౌలు ముందే నగదుగా కట్టమనే యజమాని దగ్గర, రెండో పంటకు పూర్తి నీళ్ల హామీ లేకపోతే, మొక్కజొన్న వేయకండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు రైతుకు పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తున్నారు, 11 నెలలకు చెల్లుతుంది. యజమాని సంతకానికి జంకుతాడు, అందుకే చాలామంది తీసుకోరు. కానీ ఆ పత్రం లేక, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో పేరు ఎక్కకపోతే మద్దతు ధరకు అమ్మడం కష్టం. జొన్న, మొక్కజొన్నల్లో మద్దతు ధర మీద లెక్క వేసుకునే కౌలు రైతుకు ఇది విత్తనం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. రైతు సేవా కేంద్రంలో పంట నమోదు గడువులోపు చేయించుకోండి.

తెలంగాణ బోరు కింద

కరీంనగర్, వరంగల్, నిజామాబాద్ వైపు ఎర్ర నేలలు, చల్కలు వరి కోసిన వారంలోనే గట్టిపడతాయి. వరిలో మినుము చల్లి వదిలేస్తే అక్కడ పదును చాలదు. కాబట్టి పోటీ మొక్కజొన్నకూ యాసంగి వరికీ మధ్య. కరెంటు ఉచితం, బోరు ఉంది, వరికి కొనుగోలు కేంద్రం ఉంది. ఇన్ని ఉండగా వరి వదలమంటే ఎవరు వదులుతారు? 2021-22 యాసంగిలో కేంద్రం ఉప్పుడు బియ్యం కొననడంతో వచ్చిన గొడవ ఒక్కటే చాలామందిని ఆలోచింపజేసింది. బోరులో నీళ్లు ఫిబ్రవరికి సన్నబడే పొలాల్లో దున్నని మొక్కజొన్న మంచి దారి. వరికి పెట్టే నీళ్లలో సగం కూడా తీసుకోదు. బోరు ఏప్రిల్ దాకా నిండుగా పోసే పొలంలో, కొనుగోలు కేంద్రం ఉన్నన్నాళ్లూ, రైతు వరే వేస్తాడు. అతన్ని తప్పు పట్టను. అయితే ఆ రైతు కొయ్యకాళ్లు కాల్చకపోతే చాలు. గడ్డి నేలలోకి పోతే పొటాష్ తిరిగి పొలానికే వస్తుంది, కాల్చితే ఎక్కువ నత్రజని పొగలో పోతుంది.

మందులు వద్దనుకునేవాళ్లకు

ఆంధ్రలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో ఉన్నవాళ్లు దున్నని మొక్కజొన్న దగ్గర ఇరుక్కుంటారు. దున్నకుండా ఉండాలంటే కలుపు మందు కావాలి, కలుపు మందు వద్దంటే దున్నాలి. గడ్డిని మందంగా పరిచి అణచవచ్చంటారు గానీ, ఎకరాకు అంత గడ్డి వదిలితే పశువులకు ఏం పెట్టాలన్నది ముందు తేలాలి. వీళ్లకు మాగాణి మినుము, పెసరలే సూటిగా సరిపోతాయి. వరి దట్టంగా, కలుపు లేకుండా పండిన పొలంలో తర్వాతి మినుములో కూడా కలుపు తక్కువే.

వరిని కూడా దమ్ము చేయకుండా పండించాలనే ఆశ ఉన్నవాళ్లు మహారాష్ట్ర నేరళ్‌లో చంద్రశేఖర్ భడ్సావళే రూపొందించిన సగుణ పద్ధతిని చూడవచ్చు. అందులో ఎత్తు మడులు ఒకసారి చేసి, వాటి మీదే ఏళ్ల తరబడి దున్నకుండా వరి, తర్వాత పప్పుధాన్యాలు వేస్తారు. కొంకణ్ వానకు, నీరు ఇంకే నేలకు అది కుదిరింది. నీళ్లు వారాల కొద్దీ నిలిచే డెల్టా పల్లంలో మడులు మునిగిపోతాయి. ఎత్తైన మెరక పొలం ఉంటే అర ఎకరంలో మొదలుపెట్టడం మంచిది.

ఇవన్నీ నవంబరులో తీసుకునే నిర్ణయాల్లా కనిపిస్తాయి గానీ, సగం జూన్‌లోనే అయిపోతుంది. మినుమే వేయాలనుకుంటే ఖరీఫ్‌లో 120-125 రోజుల వరి రకం ఎంచుకోండి, లేదా కాలువ కోసం ఆగకుండా తొలి వానకు వెద పెట్టండి, అంటే నారు పోయకుండా నేరుగా విత్తండి. వెద వరి నాటు కంటే వారం పది రోజులు ముందు కోతకు వస్తుంది, నారు, దమ్ము ఖర్చూ తప్పుతుంది. కలుపుతో పోరు మాత్రం ఎక్కువ. సాంబ మసూరి ధర చూసి దాన్నే వేస్తే, రబీలో మొక్కజొన్న లేదా జొన్న అని అప్పుడే ఖాయం చేసుకుని, తడుల సంగతి కాలువ లాకు దగ్గర నీళ్లు వదిలే లస్కరును అడిగి తెలుసుకోండి. పోయిన మూడేళ్లు కాలువ ఏ తేదీన కట్టేశారో అతనికి నోటి లెక్కే.